తాళాలిచ్చిన రోజు నుంచి బైలాస్ వచ్చేదాకా: 84 ఫ్లాట్ల కొత్త సముదాయానికి తాత్కాలిక నియమావళి

గుంటూరు నుంచి మంగళగిరి వెళ్లే దారిలో నంబూరు, కాజ చుట్టుపక్కల పొలాలు ఫ్లాట్లవుతున్నాయి. తాళాలు చేతికొచ్చి, పాలు పొంగించుకుని, కాపురాలు మొదలైన నెలలోపే ఒక ప్రశ్న గుమ్మంలోకి వస్తుంది. ఈ గేటు లోపల ఎవరి మాట చెల్లుతుంది? లిఫ్ట్ ఆగితే మెకానిక్‌కి డబ్బు ఎవరివ్వాలి, ఎవరి దగ్గర వసూలు చేయాలి, ఇవ్వనన్నవాళ్లను ఏం చేయాలి? అందరూ కూర్చుని పూర్తి బైలాస్ (సంఘం నడిచే నియమాలు) రాసుకోవడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాదిని ఏ నియమం కింద నడపాలన్నదే ఈ కేసు.

ఇక్కడి సముదాయం ఒక నమూనా. ఇటువైపు హ్యాండోవర్లలో పదే పదే కనిపించే లక్షణాలను ఒకచోట చేర్చి, లెక్క తేలిగ్గా తెలిసేలా అంకెలు వేశాం. మూడు బ్లాకులు, స్టిల్టు మీద ఏడంతస్తులు, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు. బ్లాకుకు 28, మొత్తం 84. సగటు విస్తీర్ణం 1,250 చదరపు అడుగులు. డెవలప్‌మెంట్ అగ్రిమెంటు కింద పొలం ఇచ్చిన కుటుంబంలో నలుగురు అన్నదమ్ములకు వచ్చిన వాటా 30 ఫ్లాట్లు. అమ్ముడుపోక బిల్డర్ దగ్గర మిగిలినవి 12. కొనుక్కున్నవాళ్లవి 42, వాటిలో 17 ఫ్లాట్ల యజమానులు విదేశాల్లో ఉన్నారు. దీపం వెలుగుతున్న ఇళ్లు 31. వాటిలో 25 కొనుక్కున్నవాళ్లవి, ఆరింట అద్దెవాళ్లు.

సేల్ అగ్రిమెంటు ప్రకారం మెయింటెనెన్స్ చదరపు అడుగుకి నెలకు రెండున్నర రూపాయలు. అంటే ఫ్లాటుకి 3,125, మొత్తం మీద 2,62,500. అడుగుకి 50 రూపాయల చొప్పున కట్టిన కార్పస్ (ఉమ్మడి మూలనిధి) 52,50,000 బిల్డర్ దగ్గరే ఉంది. దాన్ని అడిగి తీసుకోవడానికి సముదాయానికి పేరు లేదు, పాన్ లేదు, బ్యాంకు ఖాతా లేదు. నెలలు గడిచేకొద్దీ ఆ డబ్బులోంచే ఖర్చులు పెట్టామని బిల్డర్ లెక్క చూపించే అవకాశం పెరుగుతుంది. తొందర అందుకే.

ఎంచుకోవడానికి వీల్లేని చట్టాలు

సభ్యులు ఏది ఎంచుకున్నా, ఎంచుకోకపోయినా వర్తించేవి కొన్ని ఉన్నాయి. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ఒకటి, 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం మరొకటి. రెరాలో మూడు సెక్షన్లు చేతిలో పెట్టుకోవాలి. 11(4)(ఇ) ప్రకారం అసోసియేషన్ ఏర్పడేలా చేయడం బిల్డర్ బాధ్యత. 17 ప్రకారం ఉమ్మడి స్థలాలను, ప్లాన్లతో సహా కాగితాలను అసోసియేషన్‌కి అప్పగించాలి. 14(3) ప్రకారం తాళాలిచ్చిన నాటి నుంచి అయిదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో లోపం బయటపడి తెలియజేస్తే, 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి.

ఇవి తెలియని తాత్కాలిక కమిటీ చేసే పెద్ద తప్పు హ్యాండోవర్ పత్రం మీద జరుగుతుంది. ‘అన్నీ సక్రమంగా ఉన్నాయి, ఇక మాకు అభ్యంతరం లేదు’ అన్న వాక్యం కింద ముగ్గురు సంతకాలు పెడతారు. రేపు టెర్రస్ కారితే బిల్డర్ మొదట చూపించేది ఆ కాగితమే. అందుకే తాత్కాలిక నియమావళిలో మొదటి నిబంధన ఇలా ఉండాలి: చట్టం సభ్యులకిచ్చిన ఏ హక్కునూ వదులుకునే అధికారం ఈ కమిటీకి లేదు.

నాలుగు దారులు

మొదటిది, కూర్చుని అంతా కొత్తగా రాసుకోవడం. వినడానికి బాగుంటుంది. పెంపుడు కుక్కల దగ్గర మొదలైన చర్చ పార్కింగ్ దగ్గర ఆగిపోతుంది, ఈలోగా జనరేటర్‌లో డీజిల్ అయిపోతుంది.

రెండోది, వాట్సాప్‌లో తిరిగే ముంబయి, బెంగళూరు బైలాస్ దించుకోవడం. ఇది అన్నిటికన్నా ప్రమాదం. మహారాష్ట్ర నమూనా 1960 నాటి అక్కడి సహకార చట్టం మీద నిలబడింది, కర్ణాటకది 1972 నాటి అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం మీద. ‘వివాదం వస్తే రిజిస్ట్రారుకు నివేదించాలి’ అని రాసి ఉంటుంది. ఇక్కడ సొసైటీగా నమోదైతే ఆ పేరుతో ఉన్న అధికారి పాత్ర వేరు. నియమం ఉంటుంది, దాన్ని అమలు చేసే గడప ఉండదు.

మూడోది, సేల్ అగ్రిమెంటులో బిల్డర్ రాసుకున్న షరతులనే నియమాలుగా కొనసాగించడం. డబ్బు లెక్కల వరకు ఇది పనికొస్తుంది, అధికారం విషయంలో పనికిరాదు. ఆఖరి ఫ్లాటు అమ్మేదాకా నిర్వహణ తమదేనని అందులో ఉంటుంది.

నాలుగోది, రాష్ట్ర చట్టాల్లో ఒకదాని కింద వెంటనే నమోదై, ఉన్న ఏర్పాట్లను ఉన్నవున్నట్టు స్వీకరించి, గడువు పెట్టి, ఆ గడువులోపు మార్చుకుంటూ పోవడం. మా సిఫారసు ఇదే. ఇది మన రాష్ట్రం రెండుసార్లు నడిచిన దారి కూడా.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కొత్త చట్టాలన్నీ రాసుకునేదాకా ఎవరూ ఆగలేదు. ముందు రోజు వరకు ఏ మద్రాసు చట్టాలు నడిచాయో అవే మర్నాడూ నడిచాయి, శాసనసభ మార్చేదాకా. 1954 జులై 5న గుంటూరులో కోకా సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తిగా హైకోర్టు మొదలైంది. అప్పుడు అసలు చిక్కు వచ్చింది: పాత మద్రాసు హైకోర్టు తీర్పులకు ఈ కొత్త కోర్టు కట్టుబడాలా? సుబ్బరాయుడు కేసులో ఫుల్ బెంచ్ కట్టుబడాలనే చెప్పింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడూ ఇంతే. జూన్ 2 అపాయింటెడ్ డే, అంటే విభజన అమల్లోకి వచ్చిన రోజు. పునర్వ్యవస్థీకరణ చట్టం 100వ సెక్షన్ పాత చట్టాలను కొనసాగించింది. 101వ సెక్షన్ వాటిని కొత్త రాష్ట్రానికి తగ్గట్టు సవరించుకునే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది, అదీ రెండేళ్లు మాత్రమే.

ఈ పద్ధతిలో నాలుగు జవాబులు ముందే ఉంటాయి. ఏ తేదీ నాటి చట్టం? దాన్ని ఎవరు, ఎంతవరకు మార్చొచ్చు? నడుస్తున్న వ్యవహారాలు ఏమవుతాయి? ఈ ఏర్పాటు ఎప్పుడు ముగుస్తుంది? 84 ఫ్లాట్లకైనా ఇవే కావాలి.

ఏ చట్టం కింద నమోదు

ఇక్కడ పోటీ రెండింటి మధ్యే. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టానికి కనీసం ఏడుగురు చాలు, నమోదు జిల్లా రిజిస్ట్రారు దగ్గర. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టానికి వేర్వేరు కుటుంబాల నుంచి పదిమంది కావాలి. సముదాయం వాటా ధనం పోగేసి వాటర్ ప్లాంటో, దుకాణమో వ్యాపారంగా నడపాలనుకుంటే రెండోది మేలు. ఉమ్మడి ఖర్చులు పంచుకోవడమే పనైతే సొసైటీ తేలిక. ఈ నమూనాకు సొసైటీయే సరిపోతుంది.

అయితే కిటుకు ఒకటుంది. రిజిస్ట్రారుకిచ్చే బైలాస్‌ని సన్నగా ఉంచాలి. వాటిని మార్చాలంటే ప్రత్యేక తీర్మానం, మళ్లీ రిజిస్ట్రారు దగ్గర దాఖలు తప్పవు. కాబట్టి పేరు, చిరునామా, లక్ష్యాలు, సభ్యత్వం, ఓటు, కమిటీ, ఖాతాలు, వివాద పరిష్కారం వరకే అక్కడ రాయాలి. నీళ్ల వేళలు, పార్కింగ్, వడ్డీ, ఖర్చు పరిమితులు అన్నీ జనరల్ బాడీ (సభ్యులందరి సమావేశం) ఆమోదించే తాత్కాలిక నియమావళిలోకి వెళ్లాలి. ఆ నియమావళికి అధికారం ఎక్కడిదో చెప్పే ఒక వాక్యం మాత్రం బైలాస్‌లో ఉండి తీరాలి. లేకపోతే అది గోడకంటించిన కాగితమే.

సొసైటీ నియమాలు సభ్యులనే కట్టేస్తాయన్నది మరవకూడదు. అందుకే 84 ఫ్లాట్లకూ విడివిడిగా ఒక పేజీ ఒప్పుకోలు పత్రం: సభ్యత్వం తీసుకుంటున్నాను, తాత్కాలిక నియమావళికి కట్టుబడతాను, అద్దెకిస్తే అద్దె ఒప్పందంలో దాన్ని చేరుస్తాను. విదేశాల్లో ఉన్నవాళ్లు సంతకం పెట్టి స్కాన్ పంపితే పని మొదలుపెట్టొచ్చు, అసలు కాగితం తర్వాత తెప్పించుకోవాలి. నమోదు కాగానే అదే వారంలో పాన్, తర్వాత బ్యాంకు ఖాతా, ఆ వెంటనే కార్పస్ బదిలీ కోరుతూ బిల్డర్‌కి రిజిస్టర్డ్ పోస్టు. నెల మెయింటెనెన్స్ ఫ్లాటుకి 7,500 దాటలేదు కాబట్టి దాని మీద జీఎస్టీ తలనొప్పి లేదు.

స్థితి పట్టిక

ఉన్నదాన్ని కొనసాగిస్తున్నాం అంటే సరిపోదు, ఏం ఉందో రాయాలి. పార్కింగ్‌లో ఎవరి బండి ఎక్కడ, లిఫ్టుల నిర్వహణ ఒప్పందం ఎవరితో ఎప్పటిదాకా, వాచ్‌మన్లకు జీతమెంత, బోర్లెన్ని, మోటార్ల సామర్థ్యమెంత, జనరేటర్ ఎన్ని గంటలు తిరిగింది, ఎవరి బకాయి ఎంత. ఆరేడు పేజీలవుతుంది. ప్రతి పేజీ మీదా బ్లాకుకొకరి సంతకం, పార్కింగ్‌కి ఫొటోలు.

తేదీ ఎంపికలో జాగ్రత్త కావాలి. ‘వచ్చే ఆదివారం ఎలా ఉంటే అలా నమోదు చేస్తాం’ అని ప్రకటిస్తే శనివారం రాత్రికి రెండో కారు, బావమరిది కారు కూడా స్టిల్టులోకి చేరతాయి. గడిచిపోయిన తేదీనే పెట్టాలి. మీటింగు నోటీసు అతికించిన నాటికి ముందు రోజు అన్నిటికన్నా మంచిది. చట్టాల్లో ‘అపాయింటెడ్ డేకి సరిగ్గా ముందు’ అనే మాట వాడటంలో ఉన్న జాగ్రత్త ఇలాంటిదే.

కమిటీ చేయగలిగినవాటికి, చేయలేనివాటికి మధ్య గీత ఇక్కడే గీయాలి. పట్టికలో ఉన్నదాన్ని అమలుకు సర్దుకోవడం కమిటీ పని: వాచ్‌మన్ మానేస్తే అదే జీతానికి ఇంకొకరిని పెట్టుకోవచ్చు. ఇద్దరు ఉండాల్సిన చోట నలుగుర్ని పెట్టాలంటే అది మార్పు, జనరల్ బాడీకే అధికారం. ఈ గీత లేకపోతే ప్రతి మార్పూ సర్దుబాటు పేరుతో జరిగిపోతుంది.

ఓట్ల లెక్క

తాత్కాలిక నియమావళులు ఎక్కువగా కూలిపోయేది ఇక్కడే, కాబట్టి అంకెలతో చూద్దాం.

ఫ్లాటుకో ఓటు అంటే 84. భూమి ఇచ్చిన కుటుంబం 30, బిల్డర్ 12, కలిస్తే 42. కొనుక్కున్నవాళ్లూ 42. ఇరుపక్షాలూ సరిసమానం, ఏ తీర్మానమూ కదలదు. పైగా కాగితం మీద 42 అయినా మీటింగుకి రాగలిగినవాళ్లు 25 మందే. ఎదుటివైపు నలుగురన్నదమ్ములూ, బిల్డర్ మనిషీ వస్తే చాలు, ఆ 42 ఓట్లూ గదిలో ఉన్నట్టే. అంటే లోపల కాపురం లేనివాళ్లు లోపలివాళ్ల నీళ్ల వేళలు నిర్ణయించగలరు.

దీనికి విరుగుడుగా చాలామంది బిల్డర్‌కీ, భూ యజమానులకీ ఓటే తీసేయాలంటారు. అది తప్పు. పొలం ఇచ్చిన కుటుంబం ఈ స్థలంలో అవిభాజ్య వాటా ఉన్న యజమాని, బహుశా మనందరికన్నా ఎక్కువ కాలం ఇక్కడ ఉండబోయేది. వాళ్లను శత్రువులుగా చూసి రాసిన నియమాలు మొదటి ఏడాదే కోర్టు మెట్లెక్కుతాయి, ఎక్కినా న్యాయమే.

మేం సూచించేది విషయాన్ని బట్టి ఓటు. రోజువారీ వాడకం, అంటే నీళ్ల వేళలు, పిల్లల ఆటస్థలం, శబ్దం, చెత్త, వీటి మీద కాపురమున్న ఇంటికో ఓటు, మొత్తం 31. అద్దెవాళ్లు యజమాని లేఖతో వేస్తారు. డబ్బు విషయాల్లో ఫ్లాటుకో ఓటు, కానీ ఒకే పేరు మీద ఎన్ని ఫ్లాట్లున్నా 8 ఓట్లకు మించవు. బిల్డర్ 12 ఓట్లు 8 అవుతాయి. అన్నదమ్ముల పేర్ల మీద 8, 8, 7, 7 ఉన్నాయి కాబట్టి వాళ్లవేం తగ్గవు. మొత్తం 80, సగం దాటాలంటే 41. బడ్జెట్లో లేని, రెండు లక్షలు దాటిన ఖర్చుకి మూడింట రెండొంతులు, అంటే 54. అక్కడికి 42 చాలదు, 38 చాలదు. ఒకరితో ఒకరు మాట్లాడుకోక తప్పదు.

విదేశాల్లో ఉన్న 17 ఓట్లు ఎలా లెక్కకొస్తాయి? ప్రాక్సీలకు (ఒకరి తరఫున ఇంకొకరు వేసే ఓట్లకు) హద్దు లేకపోతే ఒక్కరే పదిహేడు లేఖలు పట్టుకొస్తారు, మీటింగు ఆయన చేతిలోకి వెళ్తుంది. మనిషికి రెండు ప్రాక్సీలే. దానికన్నా మేలైనది తీర్మానం పూర్తి పాఠంతో బ్యాలెట్ ఈమెయిల్ చేసి, సంతకం చేసిన ప్రతిని మీటింగు ముందురోజు సాయంత్రం ఆరులోపు తెప్పించుకోవడం. వాట్సాప్ పోల్‌ని ఓటుగా లెక్కించవద్దు. ఒకే ఇంట్లో మూడు నంబర్లు గ్రూపులో ఉంటాయి, ఫలితం వచ్చాక కూడా ఓటు మార్చుకోవచ్చు, అమ్మేసి వెళ్లిపోయినవాళ్లు కూడా నొక్కుతారు.

60 రోజులు దాటిన బకాయి ఉంటే ఓటు ఆగుతుందన్న నిబంధన బైలాస్‌లోనే ముందుగా రాసి ఉండాలి. ఇది బిల్డర్‌కీ వర్తిస్తుంది. 12 ఫ్లాట్లకు నెలకు 37,500, ఏడాదికి 4,50,000. అమ్ముడుపోని ఫ్లాటుకి మెయింటెనెన్స్ ఎందుకన్న వాదనకు ఈ ఒక్క నిబంధనతో జవాబు దొరుకుతుంది.

కమిటీలో ఏడుగురు: బ్లాకుకిద్దరు, భూమి ఇచ్చిన కుటుంబం నుంచి ఒకరు. ఒక్క ఖర్చు 25,000, నెల మొత్తం మీద 75,000 దాటకుండా జనరల్ బాడీ అనుమతి లేకుండానే అత్యవసర మరమ్మతులు చేయించొచ్చు. చెక్కు మీద ఇద్దరి సంతకాలు, ఇద్దరూ ఒకే బ్లాకువాళ్లు కాకూడదు.

రాయకూడని నియమాలు

బకాయి ఉన్న ఇంటికి నీళ్లు, కరెంటు ఆపడం వద్దు. కోర్టులో నిలబడదు, పైగా ఇంట్లో పసిపిల్లలో పెద్దవాళ్లో ఉంటే అది అమానుషం. 15 రోజుల గ్రేస్, ఆపైన ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ, అమ్మేటప్పుడు నో డ్యూస్ పత్రం. ఇంతే చాలు. కులం, మతం, తిండి, పెళ్లికాలేదన్న కారణాలతో ఇల్లు అద్దెకివ్వకూడదనే నియమం ఏ రూపంలోనూ రాకూడదు. పెంపుడు కుక్కల మీద పూర్తి నిషేధం పెట్టరాదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయి. శుభ్రత, లిఫ్టులో గొలుసు వరకు నియమం పెట్టుకోవచ్చు.

వివాదం వస్తే

ఒక్క రోజు కూడా వివాదానికి గడప లేకుండా ఉండకూడదు. 2014 తర్వాత కూడా హైదరాబాదులోని హైకోర్టు రెండు రాష్ట్రాలకూ ఉమ్మడిగా కొనసాగింది. 2019 జనవరి 1న మన హైకోర్టు విజయవాడలో తాత్కాలిక వసతిలో మొదలై, ఆ ఏడాదే నేలపాడుకు మారింది. భవనం సిద్ధమయ్యేదాకా న్యాయం ఆగలేదు.

ఇక్కడ మూడు మెట్లు. మొదట కమిటీకి రాతపూర్వక ఫిర్యాదు, ఏడు రోజుల్లో జవాబు. తర్వాత ముగ్గురు సభ్యుల ప్యానెల్, 15 రోజులు. ఎ బ్లాకు గొడవైతే ప్యానెల్ బి, సి బ్లాకులవాళ్లదే. పై అంతస్తు బాత్రూం లీకేజీలాంటి గొడవలు ఎక్కువగా ఇక్కడే తేలిపోతాయి, కానీ ప్యానెల్ స్వయంగా వెళ్లి చూసి రాయాలి. మూడోది బయట. సొసైటీల చట్టం 23వ సెక్షన్ ప్రకారం సొసైటీ వ్యవహారాల వివాదాన్ని 1996 ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వ) చట్టం కింద తేల్చుకోవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయొచ్చు. ఆర్బిట్రేషన్ కావాలంటే ఒప్పందం రాతలో ఉండాలి, అందుకే ఆ వాక్యం ఒప్పుకోలు పత్రంలోనే చేర్చాలి. ఆర్బిట్రేటర్ల సంఖ్య బేసిగా ఉండాలి, ఒక్కరైతే ఖర్చు తక్కువ. స్థలం గుంటూరు అని రాయాలి, లేకపోతే అదే మొదటి వివాదమవుతుంది. చిన్న బకాయిలకు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కి వెళ్లడం అన్నిటికన్నా నయం. అక్కడ రాజీ కుదిరితే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు.

గడువు

గడువు లేని తాత్కాలికం ఎంత దూరం వెళ్తుందో తెలుసుకోవాలంటే 1956 తర్వాతి చట్టాల పేర్లు చూడాలి. ఆంధ్ర, తెలంగాణ కలిసినా కౌలు చట్టాలు ‘ఆంధ్ర ప్రాంతం’, ‘తెలంగాణ ప్రాంతం’ అంటూ విడివిడిగానే దశాబ్దాలపాటు నడిచాయి. రాజ్యాంగం 372వ అధికరణం కింద పాత చట్టాలను రాజ్యాంగానికి తగ్గట్టు సవరించడానికి రాష్ట్రపతికి మొదట ఇచ్చిన గడువు రెండేళ్లే. అది చాలక 1951లో మొదటి సవరణతో మూడేళ్లు చేశారు. గడువు పొడిగించాల్సి రావడం తప్పేం కాదు, ఎవరు, ఎన్నిసార్లు పొడిగించొచ్చో ముందే రాసి ఉండాలి.

ఈ నమూనాలో నియమావళి ఆయుష్షు 12 నెలలు. మూడింట రెండొంతుల ఓట్లతో ఒక్కసారి, 90 రోజులు పొడిగించొచ్చు. ముగింపు తేదీ మే నెలలో పడకూడదు. బోర్లు అడుగంటి ట్యాంకర్ల గొడవ నడుస్తుంటే బైలాస్ చదివే ఓపిక ఎవరికీ ఉండదు. సంక్రాంతి వారమూ వద్దు, సగం ఇళ్లకు తాళాలే. ఫిబ్రవరి లేదా ఆగస్టు అనుకూలం.

గడువు దాటినా కొత్త బైలాస్ రాకపోతే ఏమవుతుందన్నది చాలామంది రాయరు. అప్పుడు పాత కమిటీ ఏ అధికారమూ లేకుండా కొనసాగుతుంది, లేదా అన్నీ స్తంభిస్తాయి. ఇలా రాసుకోవాలి: గడువు ముగిసిన రోజు నుంచి కమిటీ కరెంటు బిల్లు, నీళ్లు, లిఫ్ట్, వాచ్‌మన్ జీతాలు తప్ప మరే ఖర్చూ చేయరాదు, కొత్త నియమం పెట్టరాదు, 30 రోజుల్లో ఎన్నిక జరిపి తీరాలి. అధికారం అంతగా తగ్గితే కమిటీకే తొందర పుడుతుంది.

ఈ ఏడాది పొడవునా ప్రతి నిర్ణయానికి వరస నంబరు, తేదీ, ఓట్ల లెక్క ఉండాలి. మినిట్స్ పుస్తకం కుట్టినదై, పేజీలకు నంబర్లుండాలి, విడి కాగితాలు వద్దు. నియమావళి తెలుగు పాఠమే ప్రామాణికం అని తేల్చుకోవాలి. ఇంగ్లీషు అనువాదం విదేశీ సభ్యుల కోసం ఉండొచ్చు, కానీ రెండూ ప్రామాణికమంటే రెండు చట్టాలున్నట్టే. కమిటీ మారినప్పుడు కొత్త జాబితా రిజిస్ట్రారు దగ్గర వేయడం మరిచిపోతే బ్యాంకు సంతకాలు మార్చదు, వాచ్‌మన్ జీతం ఆ నెల ఎవరో జేబులోంచి ఇవ్వాల్సి వస్తుంది.

ఎన్నికైన కమిటీకి అప్పగించాల్సినవి అయిదు: స్థితి పట్టిక, మినిట్స్ పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బిల్డర్‌తో జరిగిన ఉత్తరాలు, ఒప్పుకోలు పత్రాలు. 84 పత్రాలూ రావు, కొన్ని ఫ్లాట్లు మిగులుతాయి. వాటి ఫైలు వేరుగా ఉంచాలి. ఆ ఫ్లాట్ల నుంచి సేల్ అగ్రిమెంటులో ఉన్న 3,125 మాత్రమే అడగాలి, తాత్కాలిక నియమావళి కింద వడ్డీ వేయకూడదు, ప్యానెల్ ముందుకు రమ్మని ఒత్తిడి చేయకూడదు. వాళ్లు సంతకం పెట్టిన తేదీ నుంచే వాళ్లకు ఈ నియమావళి మొదలవుతుంది.